పక్కింటి పెద్దమ్మ, ఆమె ఇంటి కందిరీగలు

పెద్దమ్మ పోయిందన్న సంగతి నాకు అహేరి బస్సు కండక్టరు చెప్పాడు. జింగనూర్ అడవిలో డ్యూటీలో ఉన్న మా ఆయనకు ఉతికిన బట్టలూ, చింతకాయ తొక్కూ మూట కట్టి, అటు పోయేవాళ్లెవరైనా దొరికితే ఇచ్చి పంపుదామని సిరొంచ బస్టాండుకు వెళ్లాను. అహేరి నుంచి వచ్చిన బస్సు అప్పుడే ఆగింది. కండక్టరు మా వాడవాళ్లందరికీ తెలిసినవాడే. దిగుతున్న జనం మధ్యలో నన్ను చూసి దగ్గరికి పిలిచాడు.

"అక్కా, మీ పక్కింటి పెద్దమ్మ లేదిగ. చంద్రపూర్‌ల పోయిందట. వాళ్ల బిడ్డ ఆడ బస్టాండుకొచ్చి, మీకు చెప్పమని మా డ్రైవర్‌కు చెప్పింది."

"ఎప్పుడు?"

"మొన్న పొద్దుగాల. దినాలు అయినంక బిడ్డ ఈడికొస్తదట."

అంతకంటే అతనికేమీ తెలియదు. టికెట్ల సంచి సర్దుకుని చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు. నేను మూట పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఇన్నేళ్లూ ఏ కబురు తెలిసినా మొదట గోడ మీదుగా చెప్పింది ఆమెకే. ఆమె లేదన్న కబురు కూడా ఆమెకే చెప్పుకోవాలనిపించింది. అది కుదరదు కనుక మీకు చెబుతున్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. ఎనభైల మొదట్లో నేను మంచిర్యాల నుంచి పెళ్లయి సిరొంచకు వచ్చినప్పుడు, మేము అద్దెకు దిగిన పెంకుటింటికి ఆనుకుని ఆమె ఇల్లు ఉండేది. రెండిళ్ల మధ్య నడుమెత్తు మట్టిగోడ. వెనక పెరడు దాటితే వరి మళ్లు, మళ్లు దాటితే ప్రాణహిత. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఉన్న ఒక్క కూతురు చంద్రపూర్‌లో, అల్లుడు బొగ్గు గనిలో పని. మళ్లు కౌలుకిచ్చి, వచ్చిన వడ్లతో ఒక్కతే ఉండేది. వాడంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. నేనూ అలాగే పిలిచాను. ఆమె అసలు పేరు నేను విన్నది ఆస్పత్రిలో చీటీ రాయించినప్పుడే. ఆ పేరు ఇక్కడ రాస్తే ఎవరి గురించో రాసినట్టుంటుంది.

మా ఆయన ఫారెస్టు గార్డు. నెలలో ఎక్కువ రోజులు అడవిలోనే. వానలు మొదలై వాగులు పొంగితే జింగనూర్ దారి మూసుకుపోయేది, ఇక ఆయన వచ్చేదాకా నమ్మకం లేదు. అప్పట్లో నదికి వంతెన లేదు. పుట్టింటికి పోవాలంటే పడవ దాటి, అవతల బస్సు కోసం కూర్చోవాలి. వరదొస్తే అదీ లేదు. కొత్తలో నేను పొద్దున లేచి వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, ఇక ఏం చేయాలో తోచక గడప మీద కూర్చునేదాన్ని. అన్నం కూడా ఒక్కపూటే వండేదాన్ని. ఒక్కదాని కోసం రెండుసార్లు పొయ్యి అంటించబుద్ధి అయ్యేది కాదు.

పెద్దమ్మ నాతో మాట్లాడిన మొదటి మాట ఒక పురుగు గురించి. మా నడిమింటి కిటికీ మూలలో, చెక్కకూ గోడకూ మధ్య, ఎవరో చిటికెడు మట్టి తెచ్చి పెట్టినట్టు కనిపించింది. మరునాటికి అది చిన్న పిడత అంత అయింది. సన్నటి నడుమున్న నల్లటి కందిరీగ ఒకటి వచ్చి పోతూ ఉంది. నాకు చిన్నప్పటి నుంచీ కందిరీగలంటే ప్రాణభయం. గుడ్డముక్క కిరోసిన్‌లో ముంచి, కర్రకు చుట్టి, అగ్గిపెట్టె పట్టుకుని కిటికీ దగ్గరికి పోతుంటే, గోడ అవతల వడ్లు చెరుగుతున్న ఆమె చూసింది.

"ఏంది బిడ్డా, ఇంట్ల దివిటీ పడుతున్నవ్?"

"కందిరీగ గూడు పెట్టింది పెద్దమ్మా."

"జర ఆగు. ముందుగాల అది ఏందో చూడనియ్యి."

చేట కింద పెట్టి, చుట్టూ తిరిగి మా వాకిట్లోంచి వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి, చేతులు వెనక్కు కట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి చూసింది. ఆ పురుగు ఆమె చెంప పక్క నుంచే ఎగిరి వచ్చి, నోట్లో తెచ్చిన తడి మట్టిని పిడత అంచుకు మెత్తసాగింది. సన్నగా జుమ్మని చప్పుడు.

"ఇది కుమ్మరి కందిరీగ. నిన్ను కుట్టది. పట్టుకుని నలిపితే తప్ప దానికి నీతోని పనే లేదు. ఒక్కతే ఉంటది. గుంపు లేదు, రాణి లేదు. గుడ్డు పెడతది, పిల్ల తినేటందుకు పురుగులు తెచ్చి లోపల పెడతది, మూతి మూసి పోతది. మల్ల రాదు."

"పిల్లల్ని చూసుకోదా?"

"చూడది. పిల్ల బయటికొచ్చేసరికి ఇది యాడుంటదో."

ఆ మాట ఆమె మామూలుగానే అన్నది. నేనే ఆమె ముఖం వైపు చూశాను. ఆమె కర్ర చివరి గుడ్డ విప్పి, మా పొయ్యి దగ్గర పడేసి, "ఇంటి మీద పెంకులున్నా లోపల వెదురు వాసాలే. నిప్పు తోటి పరాచికాలొద్దు," అని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గోడ మీద నుంచి ఒక గిన్నెలో చుక్కకూర పప్పు పెట్టింది.

అప్పటి నుంచి నేను ఏది ఎగిరినా ఆమెను పిలిచేదాన్ని. కొన్నిసార్లు భయం వేసి పిలిచాను, కొన్నిసార్లు ఊరికే పిలిచాను. ఆ తేడా ఆమెకు తెలుసనే అనుకుంటాను. అయినా వచ్చేది. వచ్చి ముందు తల ఎత్తి చూరు చూసేది. ఏ ఇంట్లో అడుగుపెట్టినా, పెళ్లి ఇల్లయినా సరే, ఆమె కళ్లు మొదట దూలం మీదికి, తరువాత మనుషుల మీదికి. కొందరు దాన్ని గర్వం అనుకునేవారు.

ఆమె దగ్గర నేర్చుకున్నది మీ ఇళ్లలోనూ అక్కరకు రావచ్చు, అందుకని రాస్తున్నాను. ఒళ్లంతా నూగుగా, బొద్దుగా ఉండి, పూల మీదా నీళ్ల కుండ దగ్గరా తిరిగేవి తేనెటీగలు. ఒళ్లు నున్నగా మెరుస్తూ, నడుము దారమంత సన్నగా ఉండి, ఎగిరేటప్పుడు కాళ్లు వేలాడేవి కందిరీగలు. తేనెటీగ కుడితే ముల్లు మన ఒంట్లోనే ఉండిపోతుంది. దాన్ని వేళ్లతో పట్టి లాగితే విషం ఇంకా దిగుతుంది, గోటితో పక్కకు గీరేయాలి. కందిరీగ ముల్లు వదలదు, అందుకే మళ్లీ మళ్లీ కుడుతుంది. వాసాలకు గుండ్రంగా బెజ్జం పడి, కింద పిండిలా పొట్టు రాలుతుంటే అది నల్ల తుమ్మెద పని. దాని చప్పుడు చూసి భయపడతాం గాని అది మన జోలికి రాదు. ఎండాకాలం మొదట్లో చూరు కింద గొడుగు బోర్లించినట్టు చిన్న బూడిదరంగు గూడు, దాని మీద ఒకటే కందిరీగ కనబడితే, అది బయటికి పోయినప్పుడు పొడుగాటి కర్రతో రాల్చేస్తే సరిపోతుంది. అదే గూడు అరచేతంత అయిందంటే ముట్టుకోవద్దు. చలి ముదిరితే వాటంతట అవే ఖాళీ చేసి పోతాయి. అప్పటిదాకా మన దారి మనం మార్చుకోవాలి.

"ఎవ్వరొచ్చినా ముందు చూడాలె బిడ్డా. ఉండేటోళ్లా, పోయేటోళ్లా అని." ఇది ఆమె తరచూ అనే మాట. ఈగల గురించే అనేది.

అన్నీ ఆమెకు తెలుసని కాదు. కుట్టిన చోట సున్నం పూయాలని ఆమె పట్టు. సున్నంతో తోలు ఊడుతుంది, చల్లటి నీళ్లతో కడిగితే చాలని మా ఊరి డాక్టరు చెప్పగా విన్నానని నేను. మా చూరు కింది కందిరీగ నన్ను మోచేతి మీద కుట్టినప్పుడు ఇద్దరం ఈ విషయం మీద బాగా వాదించుకున్నాం. చివరికి నేను నీళ్ల గుడ్డ కట్టుకున్నాను. ఆమె అలిగి సున్నం డబ్బీ తీసుకుని వెళ్లిపోయి, కాసేపటికి వచ్చి, వాపు ఎంతున్నదో వేలితో కొలుచుకుని చూసి, ఏమీ అనకుండా నా వంటింట్లో అన్నం వండిపెట్టింది. కోపం త్వరగా వచ్చేది ఆమెకు. పాలమ్మే ఆమెతో ఒకసారి మాట పట్టింపు వచ్చి, ఏడాది పొడుగునా చాయ్ పాలు లేకుండానే తాగింది.

ఒక ఎండాకాలం మొదట్లో, ఇప్పపూలు రాలే రోజుల్లో, మధ్యాహ్నం పూట ఆకాశంలోంచి ఏదో వాన లాంటి చప్పుడు వినబడి బయటికి వచ్చాను. తేనెటీగల గుంపు. మా వాకిలి మీద నల్లటి పొగలా తిరిగి, అరుగు మీది కొయ్య స్తంభానికి ఒకదాని మీద ఒకటి వాలసాగాయి. చూస్తుండగానే స్తంభానికి గుమ్మడికాయ వేలాడదీసినట్టయింది. పెద్దమ్మ పెరటి దారిన వచ్చి, నా భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయి, దర్వాజ మూసింది.

"పొయ్యి అంటియ్యకు. పొగొద్దు. చేతులు ఊపద్దు. వీటికి ఇప్పుడు ఇల్లు లేదు, పిల్లల్లేరు, కాపాడుకునేటిది ఏం లేదు. అందుకే కోపముండది. కొన్ని యాడనో ఇల్లు దేవులాడవోయినయ్. అవి రాంగనే అన్ని లేచిపోతయ్."

ఆ రోజంతా మేమిద్దరం తలుపు మూసిన ఇంట్లో కూర్చున్నాం. అటుకులు నీళ్లలో తడిపి, ఉల్లిగడ్డ కోసుకుని తిన్నాం. బయట ఆ మూలుగు లాంటి చప్పుడు ఆగలేదు. పెద్దమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపి కూర్చుంది. అప్పుడే నేను అడిగాను, ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావని. ఆమె కింద రాలిన ఉల్లిపొట్టు ఏరి ఒక పక్కన పెట్టింది.

"మా ఆయన చెయ్యంగ నేర్చుకున్న," అన్నది.

వాళ్ల కొట్టం కప్పులో పెద్ద కందిరీగలు గూడు పెట్టాయట. నడుముకు పసుపు పట్టీ ఉన్నవి, మనిషి వేలంత పొడుగువి. కోడెను కుట్టాయని ఆయనకు కోపం వచ్చింది. వెదురుకు గుడ్డ చుట్టి, కిరోసిన్‌లో ముంచి, అంటించి, గూడుకు తగిలించాడు. గూడు ఎండుటాకులా భగ్గుమని, కాలుతూనే గడ్డి కప్పు మీద పడింది. ఎడ్లు లోపల కట్టేసి ఉన్నాయి. ఆయన లోపలికి ఉరికాడు గాని పలుపులు విప్పడానికి ఆ ఈగలు ఆయన్ను నిలబడనివ్వలేదు.

"ఎడ్లు ఒర్రుతుంటె వినుకుంట నిలబడ్డం. నాకు బిడ్డ సంకల ఉండె. నేను గూడ పోలే."

ఆ తరువాత ఆయన కొత్త ఎడ్లు కొనలేదు. నాగలి పట్టలేదు. పొద్దంతా కాలిన కొట్టం జాగాలో కూర్చునేవాడు. మరుసటి ఏడు జ్వరం వచ్చి పోయాడు. జ్వరంతోనే పోయాడని అందరూ అంటారనీ, తను మాత్రం అట్లా అనుకోలేదనీ చెప్పింది.

"అవి ఏంటివో, ఎప్పుడు పోతయో ఆయనకు తెల్వదు. నాకు తెల్వదు. అడిగినోళ్లం గాదు. ఇగ అప్పటి సంది ఏ పురుగు గనబడ్డా చూసుడే పని వెట్టుకున్న."

నేను ఆమె చేతి మీద చేయి వేశాను. ఆమె తన చేయి వెనక్కి తీసుకోలేదు. అట్లా ఇద్దరం కూర్చుని ఉండగా, ఎండ వాలే వేళకు బయట చప్పుడు మారింది, పెద్దదైంది, తరువాత సన్నబడింది. తలుపు తీసి చూస్తే స్తంభం ఖాళీ. గుంపు నది వైపు పోతూ కనిపించింది. నేను సంతోషించాల్సినదాన్ని, కాని పోయాయని దిగులేసింది. ఆమె లేచి కొంగు దులుపుకుని, "పోతనే. కోళ్లను గంప కింద కమ్మాలె," అన్నది. నన్ను ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను, సిరొంచలో నేను గడిపిన అన్ని రోజుల్లో నాకు ఎక్కువ తోడున్నది ఆ మూసిన తలుపుల రోజే.

ఇక ఆ వానాకాలం గురించి చెప్పాలి.

ఆమె ఇంటికి వెనక వైపు వడ్లు పోసుకునే అర్ర ఒకటి ఉండేది. దాని బయటి గోడలో, ఇటుకలు కదిలిన చోట, బెజ్జం. వానలు ముదిరేసరికి ఆ బెజ్జంలోంచి పసుపు పట్టీ కందిరీగలు వచ్చిపోవడం మొదలైంది. అవే, ఎడ్ల కొట్టంలో ఉన్న జాతి. పెద్దమ్మ చూసి, కౌలు రైతుకు చెప్పి, అటు ఎవరినీ పోనివ్వకుండా కంప అడ్డం వేయించింది. చలికాలం దాకా అర్రకు అటు నుంచి పోవద్దని నాకు చెప్పింది. అంతటితో సరిపోయేదే. కాని ఆ పెరటికి అవతల, మళ్లకు ఒక పక్కగా, బట్టల దుకాణం సేటు ఇల్లు. సేటు కూతురు పురిటికి వచ్చి ఉంది. మనుమణ్ని ఉయ్యాలలో వేసే తొట్లె వేడుక పెట్టుకున్నారు, పెరట్లోనే పందిరి.

సేటు స్వయంగా వచ్చాడు. మంచి మనిషి. చేతిలో వెదురు, దాని చివర గుడ్డ.

"అక్కా, పసిపోరడు. ఒక్కటి కుట్టినా పానం మీదికొస్తది. నువ్వు అవతలికి జరుగు, నేను కాల్చేస్త."

పెద్దమ్మ బెజ్జానికి దూరంగానే, అతనికి ఎదురుగా నిలబడింది. "నిప్పు మాత్రం పెట్టనియ్య తమ్మీ."

"మరి ఏం జేద్దాం చెప్పు. చుట్టాలందరికి పిలుపులు పోయినయ్. చంద్రపూర్ కెల్లి వియ్యంకులు వస్తున్నరు."

"చలి దాక ఆగితే అవే పోతయ్."

"చలి దాక తొట్లె ఆగదు గదా అక్కా."

అతను కోపంగా అనలేదు. ఆమెకూ కోపం రాలేదు. ఆ ఇంట్లోంచి పసివాడి ఏడుపు వినబడుతూనే ఉంది. ఆమె అటు చూసింది. తరువాత బెజ్జం వైపు చూసింది. ఆమె అంతసేపు ఆలోచించడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నేను చూసుకుంట. నువ్ పో," అన్నది.

ఆ సాయంత్రం పొద్దు గూకే వేళ, ఈగలన్నీ లోపలికి చేరాక, ఒంటి నిండా గొంగడి కప్పుకుని, బాగా తొక్కిన జిగట మట్టి ముద్ద తీసుకుపోయి బెజ్జానికి మెత్తింది. దాని మీద ఇంకో ముద్ద. అరచేతితో అదిమి, చప్పుడు లేకుండా వెనక్కు వచ్చింది. నేను గోడ ఇవతల నుంచి చూశాను. గొంగడి తీసి నవ్వింది. ఆమెకు శబ్దం లేని నవ్వు, భుజాలు మాత్రం కదులుతాయి. నిప్పు లేకుండా పని అయిందని ఆమెకు సంతోషం. నాకూ సంతోషమే.

తొట్లె రోజు పొద్దున్నే సేటు ఇంట్లో డప్పులు మోగుతున్నాయి. నేను పసుపు కుంకుమలతో బయలుదేరుతున్నాను. పెద్దమ్మ, సేటు ఇంటికి కానుకగా బియ్యం పట్టుకుపోదామని అర్ర తలుపు తీసిందట. కందిరీగలు బయటి దారి మూసుకుపోతే గోడ లోపలి వైపు మట్టి పూతను తొలుచుకుని అర్రలోకి వచ్చి ఉన్నాయి. అర్రంతా అవే.

నేను చూసింది ఇది. ఆమె ఇంటి వెనక తలుపులోంచి బయటికి వచ్చింది, తల మీద కొంగు, కొంగు మీద పసుపూ నలుపూ కదులుతున్నాయి. కుడివైపు నేను ఉన్నాను, నా తలుపు తెరిచి ఉంది. ఎదురుగా సేటు పందిరి, కింద ఆడవాళ్లు, మధ్యలో తొట్లె. ఎటు వచ్చినా మనుషులే. ఆమె రెండు వైపులా చూసింది. "తలుపులు మూసుకోండ్రి," అని ఒక్క కేక పెట్టి, ఎడమ వైపు తిరిగి, ఎవరూ లేని మళ్ల వైపు ఉరికింది. ఆ వయసులో గట్టు మీద అంత వేగంగా ఎట్లా పోగలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఈగలు ఆమె వెంట పోయాయి. నిండుగా నీళ్లున్న మడిలో ఆమె బోర్లా పడిపోవడం కనిపించింది.

నేను దుప్పటి చుట్టుకుని వెళ్లాను. సేటు కొడుకు నాకంటే ముందు చేరాడు. ఆమె ముఖానికి బురద పూసుకుని, నీళ్లలో ముక్కు మాత్రం బయట పెట్టి పడుకుని ఉంది. ఈగలు చెదిరి పోయాయి. ముఖం గుర్తుపట్టడానికి లేదు. సేటే తన బండి కట్టించి గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకుపోయాడు. చుట్టాలూ వియ్యంకులూ పందిట్లో ఉండగానే, పట్టుపంచె బురదయినా చూసుకోకుండా ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "నా కోసం మట్టి మెత్తింది. నన్ను చూసి చేసింది," అంటూనే ఉన్నాడు.

డాక్టరు మరాఠీ కుర్రవాడు. ఇంజక్షన్ల మీద ఇంజక్షన్లు ఇచ్చాడు. బతుకుతుందని మొదట చెప్పలేదు. వాన పడుతూనే ఉంది, చంద్రపూర్‌కు కబురు వెళ్లడానికే ఆలస్యమైంది. కూతురు వచ్చేదాకా నేనే ఉన్నాను. కళ్లు తెరవలేనంత వాపు. నేనెవరో నా చేతి గాజులు తడిమి తెలుసుకునేది. మాట వచ్చిన రోజు మొదట అడిగింది ఇది:

"పోరనికేం గాలేదు గదా?"

"కాలేదు పెద్దమ్మా. ఎవ్వరికేం కాలే."

నా గాజుల మీద చేయి ఉంచి, "తప్పు జేసిన బిడ్డా. దారి మూసిన. బయటికి దారి మూస్తే అవి ఇంట్లకే వస్తయని నాకు తోచలే. నిప్పు ఒక్కటే తప్పనుకున్న," అన్నది. నేను ఓదార్చబోతే వినలేదు. "మట్టి తీపియ్యి. బెజ్జం తెరవమను. అర్ర తలుపు సందులు గుడ్డలతోని కుక్కు. వాటిని అటే పోనియ్యి," అని పని చెప్పింది. సేటు కొడుకూ, కౌలు రైతూ వెళ్లి అట్లాగే చేశారు. కందిరీగలు మళ్లీ బయటి దారి పట్టాయి. తరువాత ఎవరినీ కుట్టలేదు.

ఆమె లేచి తిరిగింది గాని మునుపటి మనిషి కాదు. విషం మూత్రపిండాలకు పట్టిందని డాక్టరు చెప్పాడు. కూతురు ఇక ఇక్కడ వదలనన్నది. పెద్దమ్మ వాదించలేదు. ఆమె వాదించకపోవడం చూసి నాకు భయమేసింది. ఇంటికి తాళం వేసి, కోళ్లను నాకు అప్పగించి, తాళంచెవి నా చేతిలో పెట్టి బస్సు ఎక్కింది. బస్సు లోపల తల ఎత్తి కప్పు చూసుకుంది.

చలికాలంలో అర్ర తెరిచి చూశాను. గూడు ఖాళీ. పొరలు పొరలుగా, గోధుమరంగు కాగితంతో చేసినట్టు, నా రెండు చేతుల్లో పట్టనంత పెద్దది. ముట్టుకుంటే పెళుసుగా విరిగింది. చూపించడానికి ఎవరూ లేరు. మా ఆయన వచ్చినప్పుడు చెప్పాను. ఆయన విన్నాడు, నిద్రపోయాడు. అడవి నుంచి అలసిపోయి వచ్చేవాడు, ఆయన్నేమీ అనను.

ఆమెను చూడడానికి ఒక్కసారి చంద్రపూర్ వెళ్లగలిగాను. గని క్వార్టర్లలో రెండో అంతస్తు. సిమెంటు కప్పు, కిటికీలకు ఇనుప జాలీ. కూతురు బాగానే చూసుకుంటోంది. మనుమలు స్కూల్లో మరాఠీ చదువుతున్నారు, ఇంట్లోనూ అదే. పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉంది, చిన్నదైపోయింది. నేను కోళ్ల సంగతి చెప్పాను, మళ్ల సంగతి చెప్పాను. సేటు మనుమడు నడుస్తున్నాడని చెప్పాను. దానికి భుజాలు కదిలాయి.

"ఇక్కడ మంచిగున్నదా పెద్దమ్మా?"

"అందరు మంచోళ్లే బిడ్డా. నేను మాట్లాడితె నవ్వుతరు. వాళ్లు మాట్లాడితె నేను నవ్వుత." కప్పు వైపు చూసి, "ఇంట్ల గూడేమైంది?" అన్నది.

"ఖాళీ చేసి పోయినయ్. ఎవ్వరు లేరు."

"మల్ల రాలేదా?"

"రాలే."

తల ఊపింది. నేను బస్సుకు లేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "ఒక్కదానివే ఉంటున్నవా?" అని అడిగింది. అవునన్నాను. "రెండు పూటల వండుకో," అన్నది. ఆమె నాతో అన్న చివరి మాట అదే.

కండక్టరు చెప్పినట్టే, దినాలు అయ్యాక కూతురు వచ్చింది, ఒక్కతే. సేటు ఎదురు వెళ్లి పెట్టె అందుకున్నాడు. నేనూ కూతురూ కలిసి ఇల్లు తెరిచాం. బూజు దులిపాం. ఏం తీసుకుపోవాలో ఆమెకు తోచలేదు. ఒక ఇత్తడి చెంబు తీసింది, మళ్లీ పెట్టేసింది. చాప పరిచి ఇస్తే కూర్చుంది, కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగి నిద్రపోయింది. ఎన్ని రోజులుగా నిద్ర లేదో. తిరుగు బస్సుకు ఇంకా టైముంది. తెరిచిన కిటికీలోంచి ఎండ ఆమె కాళ్ల మీద పడింది. నిద్రలో నోరు కొంచెం తెరుచుకుంది, చెంప మీద చాప అచ్చు పడుతోంది. ముఖం మీద ఈగలు వాలకుండా నేను పక్కనే కూర్చుని, బస్సు వేళ అయ్యేదాకా, కొంగుతో మెల్లగా విసురుతూ ఉన్నాను.